డార్కింగ్ ఊరి ఇద్దరు: ఆకలి లెక్కలో ఎవరి మాట మేలు?

ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో డార్కింగ్ అని ఓ చిన్న పట్నం ఉంది. లండన్ నుంచి రైల్లో సుమారు గంట. కాలికి అయిదు వేళ్లుండే ఒక జాతి కోడికి ఆ ఊరి పేరే పెట్టారు. నటుడు లారెన్స్ ఒలీవియర్ 1907లో అక్కడే పుట్టాడు. సంగీతకారుడు వాన్ విలియమ్స్ చాలా ఏళ్లు అక్కడే కాపురం ఉన్నాడు. ఊరి గొప్పవాళ్లు ఎవరని అడిగితే ఎక్కువమంది ముందు చెప్పేది వీళ్ల పేర్లే.

మనకు ఆ ఊరితో ఉన్న సంబంధం వేరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ రిటైరయ్యాక స్థిరపడింది అక్కడే. 1899 జూలైలో కన్ను మూసిందీ, సమాధి అయిందీ అక్కడే. అదే డార్కింగ్ పక్కన వెస్ట్‌కాట్‌లో, రూకరీ అనే ఇంట్లో, 1766లో థామస్ మాల్థస్ పుట్టాడు. జనాభా సిద్ధాంతం మాల్థస్ ఆయనే. ఒకరికి అది పుట్టిన చోటు, ఇంకొకరికి పోయిన చోటు. ఇద్దరికీ ముఖాముఖి పరిచయం ఉందో లేదో నాకు తెలియదు, వయసులో ముప్పై ఏడేళ్ల తేడా. కానీ ఇద్దరినీ పట్టుకున్న ప్రశ్న ఒకటే: తిండి చాలనప్పుడు ఏం చేయాలి?

నాకు ఈ ఇద్దరూ ఒకేచోట ఎదురయ్యారు. మా కాలేజీ కాలువ గట్టు మీద ఉండేది. ఇంటర్‌లో ఎకనామిక్స్ లెక్చరర్ బోర్డు మీద 1, 2, 4, 8, 16 అని ఒక వరస, దాని కింద 1, 2, 3, 4, 5 అని ఇంకో వరస రాశారు. పైది జనాభా, గుణశ్రేఢిలో పెరుగుతుంది. కిందది తిండి, అంకశ్రేఢిలో పెరుగుతుంది. రెండింటికీ మధ్య దూరం పెరిగితే కరువులు, రోగాలు, యుద్ధాలు వచ్చి లెక్క సరిచేస్తాయి. పది మార్కుల ప్రశ్న, నోటికి వచ్చేసింది. కిటికీలోంచి చూస్తే లాకుల దగ్గర లస్కరు చక్రం తిప్పుతున్నాడు. తలుపు లేచి, అవతల నురగతో నీళ్లు దూకుతున్నాయి. బోర్డు మీది లెక్కకూ ఆ నీళ్లకూ తగాదా ఉందని అప్పుడు తట్టలేదు.

మాల్థస్ వైపు చెప్పాల్సింది ముందు చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1798లో ఈ లెక్క చెప్పిన ఆయన పుస్తకం అచ్చయినప్పుడు ఆయనకు ముప్పై రెండేళ్లు. మనుషులు క్రమంగా బాగుపడి ఏ లోటూ లేని సమాజం వస్తుందని పెద్దపెద్దవాళ్లు రాస్తున్న రోజులవి. తిండి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పమని ఆయన నిలదీశాడు. అది అడగాల్సిన ప్రశ్నే. 1803లో పుస్తకాన్ని తిరగరాసి, పెళ్లిళ్లు ఆలస్యం చేసుకుంటే ఈ బాధలు తగ్గుతాయని చేర్చాడు. పేదల సహాయ చట్టాలను గట్టిగా వ్యతిరేకించినా, 1800 నాటి కరువు ధరల గురించి రాస్తూ, ఆ సహాయం వల్లే ఉన్న కొద్ది తిండీ నలుగురికీ అందిందని ఒప్పుకున్నాడు. రాతి గుండె మనిషి కాదు. డార్విన్‌కు ప్రకృతిలో పోటీ గురించి ఆలోచన అందింది కూడా ఈయన పుస్తకం చదివాకే.

అయితే పుస్తకం రాసి ఊరుకోలేదు. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఈస్టిండియా కంపెనీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాడు. రేపు మన జిల్లాల్లో కలెక్టర్లుగా దిగబోయే కుర్రాళ్లే ఆ క్లాసులో కూర్చున్నారు. ఆయన ఇంకా పాఠం చెబుతుండగానే, 1832-33లో, గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. జిల్లా జనంలో మూడో వంతు దాకా పోయారని అంచనా. పక్కనే గోదావరి జిల్లాలో 1821లో ఏడు లక్షల ముప్పై వేలకు పైగా ఉన్న జనం 1841 నాటికి ఐదున్నర లక్షల చిల్లరకు దిగారు. చావగా కొందరు, ఊళ్లు విడిచి కొందరు. బోర్డు మీది రెండు వరసల లెక్కతో చూసేవాడికి ఇది సిద్ధాంతం నిజమైనట్టే కనిపిస్తుంది. కానీ ఆ ఇరవై ఏళ్లలో గోదావరి ఎండిపోలేదు. ఏటా వరద వచ్చి, ఊళ్లు ముంచి, సముద్రంలో కలిసింది. నది పక్కనే ఉండి జనం ఆకలితో పోయారు.

కాటన్ చూసింది దాన్నే. పద్దెనిమిదేళ్లకు, 1821లో, మద్రాసులో దిగిన ఇంజనీరు. ముందు కావేరి మీద పనిచేశాడు. అక్కడ చోళుల నాటి కల్లణై చూసి, లోతు తెలియని ఇసుక మీద కూడా కట్ట నిలబెట్టవచ్చని నేర్చుకున్నాడు. ఆ కిటుకు ఈ దేశపు పాతవాళ్లదేనని తర్వాత తానే రాశాడు. ఇది నాకు చాలా పెద్ద విషయం. మాల్థస్ మన దేశం గురించి ఇంగ్లండ్‌లో కూర్చుని చదివి రాశాడు. కాటన్ ఇక్కడి కట్టను చూసి, పాఠం నేర్చుకున్నాడు.

1844లో రిపోర్టు ఇచ్చాడు, 1847లో పని మొదలైంది, 1852కి అయిపోయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, లంకలను మధ్యలో కలుపుకుంటూ, అంతా కలిపి మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు కట్టు. రాతి బండలన్నీ ఇసుక మీదే. పనివాళ్లను కూడగట్టి, దగ్గరుండి నడిపించిన వీణెం వీరన్న పేరు లేకుండా ఈ కథ చెప్పకూడదు. ఆ తర్వాత ఇక్కడ జనం వేగంగా పెరిగారు. మాల్థస్ అన్నట్టే పెరిగారు. కానీ వాళ్లు తిన్నారు, మిగిలింది బయటికీ పంపారు.

అసలు పరీక్ష 1876-78లో వచ్చింది. మనవాళ్లు ధాత కరువు అన్నది దాన్నే. బళ్లారి, కర్నూలు, కడప మాడిపోయాయి. దక్షిణాది మొత్తంలో చావులు యాభై లక్షలు దాటాయని అంచనా. సహాయ పనుల్లో మట్టి మోసే మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలిగా కుదించారు. పౌను అంటే అర కిలో కూడా కాదు. తిండి కంటే జనం వేగంగా పెరుగుతున్నారన్న మాట సాక్షాత్తూ వైస్రాయ్ లిట్టన్ నోటే వచ్చింది. మాల్థస్ పోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది, మాట మాత్రం కుర్చీలో కూర్చుంది. అదే కరువులో గోదావరి, కృష్ణా డెల్టాలు పండాయి. 1878లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, కాటన్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండని వాదించాడు. కమిటీ ఒప్పుకోలేదు.

ఆయనలోనూ లోపాలున్నాయి. కాలువ తవ్వితే చాలు, అన్నీ కుదురుతాయన్న పట్టుదల ఎక్కువ. ఆయన ఊహించిన కర్నూలు-కడప కాలువ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో దాన్ని నడిపే ప్రైవేటు కంపెనీ చేతి నుంచి సర్కారు తీసుకోవాల్సి వచ్చింది. ఆ నేలకు, ఆ పంటలకు డెల్టా లెక్క సరిపోలేదు. ఈస్టిండియా కంపెనీ ధవళేశ్వరం ఆనకట్టకు డబ్బిచ్చింది కూడా పడిపోయిన శిస్తు మళ్లీ లేస్తుందనే. డెల్టా పచ్చబడింది, సీమ ఎండలోనే ఉండిపోయింది. డెల్టాలో కూడా నీళ్లు అందరికీ ఒక్కలా రావు. మాది శివారు ఆయకట్టు, అంటే కాలువ చివరి పొలాలు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వంతులవారీ పెట్టినప్పుడు, అర్ధరాత్రి టార్చి పట్టుకుని బోదె గట్టు మీద కూర్చుని, పైవాళ్లు తూము మూస్తారా లేదా అని నాన్న పడిన టెన్షన్ నాకు తెలుసు. నీళ్లున్నా పంపకం కుదరకపోతే ఆకలి ఆకలే. ఈ ఇద్దరిలో ఎవరూ దాన్ని పూర్తిగా తేల్చలేదు.

అయినా ఎవరి మాట మేలని అడిగితే నేను తటపటాయించను. కాటన్ మాటే. మాల్థస్ ముందు నోళ్లు లెక్కపెట్టాడు. కాటన్ ముందు నీళ్లు లెక్కపెట్టాడు. నోళ్లు లెక్కపెట్టే పద్ధతిలో చచ్చినవాడిదే తప్పవుతుంది. నీళ్లు లెక్కపెట్టే పద్ధతిలో, ఆ నీళ్లను వదిలేసిన పాలకుడు జవాబు చెప్పాలి. ఇద్దరికంటే పిల్లలెక్కువుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో మన రాష్ట్రంలో చట్టం చేశారు. 2024లో, పిల్లలు తగ్గిపోతున్నారన్న దిగులుతో, ఆంధ్రప్రదేశ్ అదే నిబంధనను తీసేసింది. గుణశ్రేఢి ఎప్పటికీ నడవదని మన ఇళ్లలోనే తెలిసిపోయింది. గోదావరి మాత్రం ఇప్పటికీ సముద్రంలోకి పోతూనే ఉంది, దాని లెక్క ఇంకా మిగిలే ఉంది.

లండన్ వెళ్లే తెలుగువాళ్లు డార్కింగ్‌కు ఒక పూట కేటాయిస్తే, రెండూ చూసి రండి. వెస్ట్‌కాట్ ఊరికి రెండు మూడు కిలోమీటర్లే. మాల్థస్ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, ఎప్పుడో పడగొట్టేశారు. పక్కనుంచి పారే సన్నటి పిప్ వాగు ఉంది, అది డార్కింగ్ వైపే వస్తుంది. ఒక్కచోటికే టైమ్ ఉంటే, రైగేట్ రోడ్డులోని శ్మశానానికి వెళ్లండి. గోదావరి స్నానం చేసేటప్పుడు భగీరథుడని మనవాళ్లు శ్లోకంలో తలుచుకునే మనిషి అక్కడ పడుకుని ఉన్నాడు. మన వాళ్లు వెళ్లినప్పుడల్లా పూలు పెట్టి వస్తుంటారు. వీలైతే పూలతో పాటు నాలుగు వరి కంకులు పట్టుకెళ్లండి.