నాలుగేళ్ళ రాకబిల్లీ: పది కార్డ్ పట్టులు, ఒక బొటనవేలు

రాకబిల్లీ (1950ల్లో అమెరికా దక్షిణాన కంట్రీ, బ్లూస్ కలిసి పుట్టిన తొలి రాక్ అండ్ రోల్) గిటార్ మొదలుపెట్టి ఈ నెలకి నాలుగేళ్ళు నిండాయి. వారానికి ఐదు రోజులు, రోజుకి ముప్పావు గంటకి తగ్గకుండా కూర్చున్నాను. ఏది పనికొచ్చింది, ఏది మూలపడింది, మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్సి వస్తే ముందు ఏం నేర్చుకుంటాను అన్నది రాస్తున్నాను. నేర్చుకుందామనుకునేవాళ్ళకి మొదటే చెప్పేస్తాను: దీనికి కావలసిన కార్డ్స్ (కొన్ని స్వరాల్ని ఒకేసారి పలికించే పట్టులు) చాలా తక్కువ. పది పట్టులు వస్తే మూడొంతుల పాటలు వాయించుకోవచ్చు. కష్టమంతా కుడిచేతి బొటనవేలిది. ఈ సంగతి నాకు ఎనిమిది నెలలు ఆలస్యంగా తెలిసింది.

నేనుండేది మెంఫిస్‌లో. వచ్చింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి. ఓ వేసవిలో ఇండియా నుంచి చుట్టాలొస్తే ఊరు చూపిద్దామని యూనియన్ అవెన్యూ 706 నంబరులోని సన్ స్టూడియోకి తీసుకెళ్ళాను. 1954 జులై 5న ఎల్విస్ ప్రెస్లీ, స్కాటీ మూర్, బిల్ బ్లాక్ కలిసి ‘దట్స్ ఆల్ రైట్’ రికార్డు చేసిన గది అది. అంత పేరున్న గది అంత చిన్నగా ఉంటుందని అనుకోలేదు. ఆ రికార్డు అక్కడే నిలబడి వింటుంటే హఠాత్తుగా తట్టింది, అందులో డ్రమ్స్ లేవు. ఎల్విస్ చేతిలో మామూలు చెక్క గిటార్, బిల్ బ్లాక్ చేతిలో నిలువెత్తు బేస్, స్కాటీ మూర్ చేతిలో ఎలక్ట్రిక్ గిటార్. అంతే. మరి ఆ నడక ఎక్కడిది? బేస్ తీగని లాగి చెక్కకేసి కొట్టే చప్పుడులోంచి వస్తోంది, ఎల్విస్ గిటార్ గీతలోంచి వస్తోంది, స్కాటీ మూర్ బొటనవేలి నుంచి వస్తోంది. బొటనవేలు లావు తీగల మీద నడక నడుపుతుంటే మిగతా వేళ్ళు సన్న తీగల మీద మాట్లాడుతున్నాయి. మా అమ్మ వీణ వాయిస్తూ చిటికెనవేలితో పక్కనున్న తాళం తీగల్ని మీటడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకది వెంటనే అర్థమైంది. ఆ రోజు సాయంత్రమే గిటార్ కొనాలని నిశ్చయించుకున్నాను.

తొందరలో చేసిన తప్పు ఒక ఆన్‌లైన్ కోర్సు కొనడం. పేరెందుకులెండి. అరవై కార్డ్ బొమ్మలున్న పీడీఎఫ్ ఇచ్చారు. కుడిచేతి గురించి ఒకే ఒక్క చిన్న వీడియో ఉంది. ఎనిమిది నెలలు ఆ బొమ్మలు బట్టీపట్టాను. అరవై పట్టులూ వచ్చాయి, ఒక్కటీ రాకబిల్లీలా వినిపించలేదు. డబ్బు వెనక్కి అడిగితే గడువు దాటిపోయిందన్నారు. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత దొరికారు గురువుగారు. డెబ్భై దాటిన పెద్దాయన, ఊళ్ళో బ్యాండ్లతో జీవితమంతా వాయించిన మనిషి. నా అరవై పట్టులూ ఓపిగ్గా విని, ఎడమచేతిని ఇ (E) కార్డ్ మీద పెట్టి ఇక కదపొద్దన్నారు. మూడు వారాలు అదొక్కటే. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది; ఒకటోది అన్నిటికన్నా సన్నది), నాలుగో తీగ, ఆరో తీగ, నాలుగో తీగ. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలు.

ఇందులో ఉన్న కిటుకు అరచేతి అంచుది. దాన్ని బ్రిడ్జి (గిటార్ పొట్ట మీద తీగలు ఆనే దిమ్మ) మీద, తీగలు బ్రిడ్జిని వదిలే చోట, ఆనీ ఆననట్టు ఉంచాలి. ముందుకి జరిగితే తీగ టక్కుమని అక్కడికక్కడే చచ్చిపోతుంది. వెనక్కి జరిగితే గంటలా మోగుతూనే ఉంటుంది. రెంటికీ మధ్యనున్న చోటు అర సెంటీమీటరు కూడా ఉండదు. అక్కడ చెయ్యి కుదిరితే లావు తీగలు బుడుక్ బుడుక్‌మని పొట్టిగా పలుకుతాయి, సన్న తీగలు మూడూ మాత్రం అరచేతికి తగలకుండా ఖంగుమంటాయి. ఒక గిటార్‌లోంచి రెండు గిటార్లు వినిపించేది అప్పుడే. నాకు మొదటిసారి అలా వినిపించింది మూడో వారం బుధవారం రాత్రి. గబగబా లేచి మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి వినిపించాను.

బొటనవేలికి తొడిగే ప్లాస్టిక్ థంబ్ పిక్ గురించి కూడా చెప్పాలి. కొత్తది బిగుతుగా ఉండి అరగంటకే గోరు చుట్టూ కందిపోయేది. వదులుగా ఉండేది కొంటే పాట మధ్యలో తిరిగిపోయేది. గురువుగారు చూపించిన ఉపాయం: బిగుతుదే కొని, మరిగిన నీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి, మెత్తబడగానే మన వేలి లావున్న పెన్ను మీదికి తొడిగి చన్నీళ్ళలో పెట్టడం. అది ఆ ఆకారానికి బిగుసుకుంటుంది. అలా చేసుకున్న పిక్ రెండేళ్ళు వాడాను.

ఇప్పుడు ఎడమచేతి పని. మొదటి మెట్టు అందరికీ తెలిసిన ఇ (E), ఎ (A), బి సెవెన్ (B7). వీటితో పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవృత్తం) బ్లూస్ వస్తే పునాది పడ్డట్టే. ఎ శ్రుతిలో అయితే నాలుగు బార్లు ఎ, రెండు డి, రెండు ఎ, ఒకటి ఇ, ఒకటి డి, చివరి రెండు ఎ. కానీ ఈ మామూలు మేజర్ కార్డ్స్‌తో వాయిస్తే ఆ వరస ఏ పాటకైనా సరిపోయేలా ఉంటుంది. రాకబిల్లీ రంగు రావాలంటే సిక్స్, నైన్ కార్డ్స్ కావాలి. నా నాలుగేళ్ళ సాధనలో నాకు అన్నిటికన్నా ఎక్కువ తిరిగిచ్చిన పట్టు ఎ సిక్స్.

ఆరో తీగ ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద మధ్యవేలు. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ మీద చూపుడువేలు. మూడో తీగ ఆరో ఫ్రెట్ మీద చిటికెనవేలు. రెండో తీగ ఐదో ఫ్రెట్ మీద ఉంగరపువేలు. ఐదో తీగ మోగకూడదు, మధ్యవేలి కొస దానికి ఆని దాన్ని మూగది చేస్తుంది. ఒకటో తీగని వదిలేయాలి. మొదట్లో చిటికెనవేలు వణుకుతుంది, మణికట్టు దగ్గర లాగుతుంది. నొప్పి పుడితే ఆపేయండి, మర్నాడు చూసుకోవచ్చు. నేను మొండిగా నొక్కి వారం రోజులు గిటార్ ముట్టుకోలేకపోయాను.

ఇక్కడినుంచి డి నైన్‌కి వెళ్ళడం చూడండి. చూపుడువేలు నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ మీదే ఉంటుంది, కదలదు. మధ్యవేలు అదే ఐదో ఫ్రెట్‌లో ఆరో తీగ నుంచి ఐదో తీగకి దిగుతుంది. ఉంగరపువేలు పడుకుని కింది మూడు సన్న తీగల్నీ ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కుతుంది. చెయ్యి ఉన్నచోటే ఉంది, కార్డ్ మారిపోయింది. ఆ పట్టునే రెండు ఫ్రెట్లు పైకి (గిటార్ పొట్ట వైపుకి) జరిపితే ఇ నైన్. పన్నెండు బార్లూ అయిపోయాయి! కోర్సులో ఈ మూడు కార్డ్స్ మూడు వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. వాటి మధ్య చూపుడువేలు ఇరుసులా నిలబడుతుందని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, నా ఎనిమిది నెలలు మిగిలేవి.

సంగీతం కొంచెం తెలిసిన తెలుగువాళ్ళకి ఈ కార్డ్స్ అర్థం చేసుకోవడం తేలిక. ఎ ని షడ్జమం అనుకోండి. ఎ మేజర్ అంటే స, అంతర గాంధారం, పంచమం. దానికి చతుశ్రుతి ధైవతం చేరిస్తే ఎ సిక్స్. ఆ ధైవతాన్ని కైశికి నిషాదానికి జరిపితే ఎ సెవెన్. పైన చెప్పిన పట్టులో నాలుగో తీగ మీది స్వరాన్ని ఒక్క ఫ్రెట్ పైకి జరపడమే ఆ తేడా. రెండు కొట్లు ధ, రెండు కొట్లు ని, మళ్ళీ ధ, ఇలా ఊగిస్తే పాత రాకబిల్లీ రికార్డుల్లో వెనక వినిపించే ఊపు వచ్చేస్తుంది. నైన్ అంటే చతుశ్రుతి రిషభం.

పాట చివర మోగించి వదిలేసే ఇ సిక్స్ నైన్ కార్డ్ ఉంది. ఐదో తీగ ఏడు, నాలుగో తీగ ఆరు, మూడో తీగ ఆరు, రెండో తీగ ఏడు, ఒకటో తీగ ఏడు. ఓ ఆదివారం ఫోన్ స్పీకర్లో పెట్టి అమ్మతో మాట్లాడుతూ, చేతిలో గిటార్ ఉంది కాబట్టి దాన్ని ఒక్కో తీగే నెమ్మదిగా మీటాను.

“మళ్ళీ వాయించు,” అంది. మళ్ళీ మీటాను.

“స, గ, ధ, రి, ప. స్వరాలన్నీ మోహనవే కదరా. గమకం ఒక్కటే లేదు.”

కాగితం మీద రాసి చూసుకున్నాను. నిజమే. మోహనలో ఉన్న ఐదు స్వరాలే ఆ ఐదు తీగల మీదా ఉన్నాయి, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆ రోజునుంచి సోలోలు వాయించడానికి నాకు భయం పోయింది. మోహన స్వరాల మీద తిరుగుతూ, అంతర గాంధారానికి ముందు సాధారణ గాంధారాన్ని చటుక్కున తాకి వదిలితే ఆ భాష సగం వచ్చేసినట్టే. అమ్మ చిన్నప్పుడు నేర్పబోతే నేను పారిపోయిన పాఠం మెంఫిస్‌లో ఇలా పనికొచ్చింది.

సామాను గురించి క్లుప్తంగా. ఆ రోజుల రాకబిల్లీ గాయకుడు ఎడ్డీ కాక్రన్ వాయించిన గ్రెచ్ 6120 లాంటి బోలు గిటార్ లేకపోతే ఈ సంగీతం రాదనుకునేవాణ్ణి. మొదటి ఏడాది స్నేహితుడి దగ్గర తీసుకున్న సాదా గిటార్ మీదే నేర్చుకున్నాను, ఏ లోటూ రాలేదు. రెండో ఏడు పాత బోలు గిటార్ కొన్నాను. దాని కంఠం నాకు ప్రాణం. కాకపోతే ఆంప్ (యాంప్లిఫయర్) గట్టిగా పెడితే బోలులో గాలి తిరిగి కూత మొదలవుతుంది. పైన ఎఫ్ ఆకారపు కంతల్లో మెత్తటి స్పాంజి కుక్కితే చాలావరకు తగ్గింది. స్ప్రింగు మీద ఊగే టెయిల్‌పీస్ (తీగల కొసలు తగిలించే భాగం) ఉన్న గిటార్‌కి తీగలు మార్చడం ఓపికతో కూడిన పని. తీగ చివరి గుండీ మేకుకి నిలవదు, ఇటు బిగిస్తుంటే అటు జారిపోతుంది. తీగ కొసని ముందే పటకారుతో వంచి తగిలించి, మెడ మీద క్యాపో (తీగల్ని నొక్కిపట్టే బిగింపు) పెట్టి పట్టి ఉంచితే ఇంకొకరి సాయం అక్కర్లేదు.

తీగల విషయంలో నా మాట గట్టిగా చెప్తాను. మూడో తీగ చుట్టు ఉన్నదే (పైన సన్నటి లోహపు తీగ చుట్టినదే) వేయండి. సిక్స్ కార్డ్‌లో చిటికెనవేలు నొక్కేది దాన్నే. ఉత్త తీగైతే కార్డ్‌లో అదొక్కటే విడిగా కీచుమంటుంది. చుట్టు తీగైతే మిగతావాటిలో కలిసిపోతుంది. తీగని సాగదీసి వంచడం కష్టమవుతుంది, నిజమే, ఈ సంగీతంలో దాని అవసరం అంత రాదు.

ఎకో లేకుండా రాకబిల్లీ ఊహించలేం. సన్ స్టూడియోలో దాని యజమాని శామ్ ఫిలిప్స్ రెండు టేప్ మెషీన్లు పెట్టి ఆ ప్రతిధ్వని పుట్టించాడు. టేప్ సెకనుకి 15 అంగుళాల వేగంతో తిరుగుతూ, రికార్డు చేసే హెడ్‌కీ వినిపించే హెడ్‌కీ మధ్య రెండంగుళాలుంటే 133 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. నా డిలే పెడల్‌ని 130 దగ్గర, ఒకే ఒక్క ప్రతిధ్వనితో, అసలు శబ్దం కంటే కాస్త తగ్గించి పెట్టుకున్నాను. సాధన చేసేటప్పుడు మాత్రం ఆపేస్తాను. బొటనవేలు తడబడినా ఎకో ఆ తప్పుని పూడ్చేసి బాగున్నట్టు వినిపిస్తుంది. ఇది తెలియక మూడో ఏడు కొన్ని నెలలు నడక చెడగొట్టుకున్నాను.

ఎవర్ని వినాలని అడిగితే, స్కాటీ మూర్ తర్వాత నేను చెప్పేది కార్ల్ పెర్కిన్స్ పేరే. టెనెస్సీలో కౌలు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో పత్తి తీశాడు. గిటార్ నేర్పింది అదే చేలో పనిచేసిన నల్లజాతి పెద్దాయన. గుంటూరు జిల్లాలో పత్తి చేల గట్ల మీద తిరిగినవాణ్ణి, ఆ సంగతి చదివాక ఆయన పాట నాకు వేరేలా వినిపించింది. 1956 జనవరి 1న సన్ లేబుల్ మీద వచ్చిన ‘బ్లూ స్వేడ్ షూస్’లో గొంతు ఆగిన ప్రతిచోటా గిటార్ ఎంత పొదుపుగా జవాబిస్తుందో గమనించండి. నేను రాసుకున్న పది పట్టుల్లో నాలుగైదు చాలు దానికి.

వేగం గురించి తొందరపడొద్దు. 60 నుంచి 100కి రావడానికి నాకు ఐదు నెలలు పట్టింది, 100 నుంచి 160కి రెండేళ్ళు. పదేళ్ళ లోపు పిల్లలకి ఎ సిక్స్ పట్టు చెయ్యి అందదు, వాళ్ళకి ఇ, ఎ, బి సెవెన్‌తో బొటనవేలి నడక నేర్పితే హాయిగా ఆడుకుంటారు. మా అబ్బాయి అదే చేస్తున్నాడు. గురువు దొరికితే ఆయన దగ్గరే కూర్చోండి. దొరక్కపోతే కుడిచేతిని దగ్గర్నుంచి చూపించే పాఠాలనే ఎంచుకోండి, ఎన్ని కార్డ్స్ నేర్పుతారన్నది అడగనక్కర్లేదు.

నాకు ఇప్పటికీ లొంగనిది మామూలు డి కార్డ్. ఎడమచేతి బొటనవేలిని మెడ మీదుగా పైకి తెచ్చి ఆరో తీగ రెండో ఫ్రెట్ నొక్కాలి, అప్పుడే కుడి బొటనవేలు ఆరో తీగకీ నాలుగో తీగకీ మధ్య ఆగకుండా నడుస్తుంది. నా బొటనవేలు పొట్టి. పట్టీని బిగించి గిటార్ మెడని కాస్త పైకెత్తి పట్టుకోమన్నారు గురువుగారు. అలా చేశాక ఎ నుంచి డి కి మారడం 132 దగ్గర కుదిరింది, ఈ వారం 136 ప్రయత్నిస్తున్నాను.