ఎండల్ని తట్టుకుని ఇన్నేళ్లు నడిచిన జీటీఎక్స్ 1060

ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060, ఆరు జీబీ మెమరీ ఉన్నది, 2016 జులైలో వచ్చింది. నేను మరుసటి ఏడాది కొన్నాను. అప్పటినుంచి విజయవాడలో, ఏసీ లేని గదిలో, అదే క్యాబినెట్‌లో నడుస్తోంది. ఆటలూ దీనిమీదే, వీడియో ఎడిటింగూ దీనిమీదే.

కొనేటప్పుడు నన్ను ఒప్పించింది దీని కరెంటు లెక్క. మొత్తం కార్డుకి 120 వాట్లు, ఒక్క ఆరు పిన్నుల కనెక్టరు. పీసీకి కరెంటు ఇచ్చే నా పాత ఎస్ఎంపీఎస్ మార్చకుండానే సరిపోయింది. దీనికి పోటీగా ఉన్న ఏఎండీ కార్డు ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి. ఎనిమిది జీబీ 580లో మెమరీ ఎక్కువ, కొత్త ఆటల్లో అది కాస్త ముందుంటుంది కూడా. అయినా మే నెలలో మా గదిలో అంత వేడి అదనంగా భరించడం కష్టం. నా వరకు 1060 సరైన ఎంపికే.

నాలుగైదేళ్లకి ఫ్యాన్లు గోల మొదలుపెట్టాయి. ఆట మొదలైన కాసేపటికే టెంపరేచర్ 83 డిగ్రీలకి చేరి, క్లాక్ స్పీడు, అంటే చిప్ పనిచేసే వేగం, తగ్గిపోయేది. కార్డు బయటికి తీసి, చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగు స్క్రూలు విప్పాను. చిప్ వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మె, హీట్‌సింక్, వెంటనే ఊడలేదు. మెల్లగా అటూ ఇటూ తిప్పితే వదిలింది. చిప్ నుంచి హీట్‌సింక్‌కి వేడిని చేరవేసే థర్మల్ పేస్టు లోపల గట్టిపడిపోయి, టిష్యూతో తుడిస్తే పొడిపొడిగా రాలింది. రెక్కల సందుల్లో దుమ్ము మెత్తలా పేరుకుంది. బ్రష్షుతో దులిపి, కొత్త పేస్టు వేసి బిగించాక అదే ఆటలో 72 దాటలేదు. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిప్ వోల్టేజీ కూడా కొంచెం తగ్గించాను. ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి వచ్చే ఫ్రేముల సంఖ్యలో) తేడా కనిపించలేదు, ఫ్యాన్ల చప్పుడు మాత్రం బాగా తగ్గింది. పాత కార్డు ఉన్నవాళ్లెవరైనా ముందు ఈ పని చేయండి.

ఇక ఆటలు. 1080పీలో వాలరెంట్, జీటీఏ 5 లాంటివి ఇప్పటికీ హాయిగా ఆడొచ్చు. సైబర్‌పంక్ 2077కి కనీస అర్హతగా ఈ కార్డునే రాశారు. లో సెట్టింగ్స్‌లో, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మని పెద్దది చేసే ఏఎండీ టెక్నిక్) ఆన్ చేస్తే ఆడగలిగేలా ఉంటుంది. అలాంటిదే ఎన్విడియా సొంత డీఎల్‌ఎస్‌ఎస్ మాత్రం రాదు, ఎందుకంటే దానికి కావాల్సిన టెన్సర్ కోర్లు (ఏఐ లెక్కల కోసం చిప్‌లో ఉండే ప్రత్యేక భాగాలు) ఇందులో లేవు. ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లు ఇలాంటి పాత కార్డుల మీద కూడా పనిచేయడం మనలాంటివాళ్లకి పెద్ద ఊరట.

వెలుతురు, నీడలు నిజంలా కనిపించేలా లెక్కగట్టే రే ట్రేసింగ్‌ని 2019లో డ్రైవరు అప్‌డేట్‌తో ఈ కార్డులకీ ఇచ్చారు. ఆ పనికే ఉండే ఆర్‌టీ కోర్లు లేకుండా ఆ లెక్కలన్నీ మామూలు కోర్లే చేయాలి కాబట్టి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. చూడటానికే తప్ప ఆడటానికి కాదు. రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి చేసిన ఆటలూ వచ్చేశాయి: ఇండియానా జోన్స్, డూమ్ ద డార్క్ ఏజెస్. అవి ఈ కార్డుకి దూరమే. కొత్త కార్డుల్లో ఉండే మెష్ షేడర్లు (ఆటలోని ఆకారాల్ని వేగంగా గీసే పద్ధతి) లేక అలన్ వేక్ 2 ఆట కూడా మొదట్లో చాలా ఇబ్బంది పెట్టింది. 1280 కోర్లలో ఇంకా సత్తువ ఉండగానే ఇలా తలుపులు మూసుకుపోతుంటే నిజంగా బాధేస్తుంది. డ్రైవర్ల సంగతీ అంతే: 2025 అక్టోబరుతో కొత్త ఆటల కోసం చేసే అప్‌డేట్లు ఆగాయి, 2028 దాకా భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామన్నారు.

కొత్త భారీ ఆటలే కావాలంటే దీని జోలికి రాకండి. పాత ఆటలకో, ఇంట్లో పిల్లల పీసీకో సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే ఇప్పటికీ మంచి కార్డే. కాకపోతే ఇదే పేరుతో 1152 కోర్ల మూడు జీబీ కార్డు కూడా ఉంది; పేరు ఒకటే అయినా సరుకు వేరు. వేరే కార్డు బయోస్ (కార్డులోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1060 అని అంటగట్టే నకిలీలూ తిరుగుతుంటాయి. డబ్బు ఇచ్చే ముందు అమ్మేవాళ్ల పీసీలోనే జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిపించండి. చిప్ జీపీ106, కోర్లు 1280, మెమరీ బస్ 192 బిట్ అని చూపించాలి. తర్వాత కనీసం పావుగంట ఏదైనా ఆట నడిపించి, టెంపరేచర్ ఎక్కడ ఆగుతుందో చూడండి.