ఎండా, సాచెట్టా, ఇంజెక్షనా: ఎముకకు ఏది మేలు?

అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో సగం మంది ఒకటే అడిగారు: "డి విటమిన్‌కి ఈ పొడి సాచెట్లు ఎందుకు, పొద్దున్నే ఎండలో కూర్చోబెడితే సరిపోదా?" కావలిలో నా దగ్గర జువాలజీ చదివే ఇంటర్ పిల్లలూ అదే అడుగుతున్నారు. అమ్మకైతే కోపమే వచ్చింది. "నలభై ఏళ్లు వరి మళ్లల్లో మాడినదాన్ని, నాకు ఎండ తక్కువైందా?" అంది. రక్తపరీక్ష రిపోర్టులో మాత్రం డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములే ఉంది. 20 కంటే తగ్గితే లోపం కిందే లెక్క.

ఎండ సంగతి ముందు చూద్దాం. పొలంలో ఉన్నన్నాళ్లూ అమ్మ మాట నిజమే. తిరుపతి ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో పట్నం వాళ్ల కన్నా పొలం పనివాళ్లలోనే డి ఎక్కువగా కనిపించింది. కానీ పదేళ్లుగా అమ్మ గడప దాటేది తెల్లవారుజామున ముగ్గు వేయడానికే. లేత ఎండలో వెచ్చదనం ఉంటుంది గానీ, చర్మంలో డి తయారుచేసే యూవీబీ కిరణాలు దాదాపు ఉండవు. తిరుపతిలో కొలిచి చూస్తే ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా డి బాగా తయారైంది. మా కావలి కూడా తిరుపతికి మరీ దూరం కాదు కాబట్టి ఇక్కడా దాదాపు అంతే. మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉండే వేళ అన్నమాట. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఆ కిరణాలు లోపలికి రావు. పైగా వయసు మళ్లేకొద్దీ డి తయారీకి చర్మంలో ఉండాల్సిన ముడిసరుకు సగానికి పైగా తగ్గిపోతుంది.

ఎండలో ఒక పెద్ద మేలుంది. దానితో డి మోతాదు మించదు, ఎక్కువైనదాన్ని చర్మమే పనికిరాని రూపాల్లోకి మార్చేస్తుంది. పాతికేళ్ల వాళ్లు అడిగితే నేను ఎండే మేలంటాను. తుంటి ఆపరేషన్ అయిన మనిషిని రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చోబెట్టమని మాత్రం చెప్పలేను.

అమ్మకు సాచెట్లే మేలన్న నా ఎంపికను తేల్చింది ఎముక మజ్జలో జరిగే పని. అక్కడి మూలకణం ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టుగా మారవచ్చు, కొవ్వు కణంగానూ మారవచ్చు. వయసు పెరిగేకొద్దీ మొగ్గు కొవ్వు వైపుకే పోతుంది. మనిషి మజ్జలోని ఈ మూలకణాలను ల్యాబ్‌లో పెంచి చూసినప్పుడు, డి విటమిన్ చురుకైన రూపమైన కాల్సిట్రియోల్ వాటిని ఎముక వైపు తిప్పడానికి సాయపడింది. అది కణంలో డిని పట్టుకునే ప్రొటీన్‌కు, అంటే గ్రాహకానికి, అతుక్కుని, ఆస్టియోకాల్సిన్ లాంటి ఎముక ప్రొటీన్ల జన్యువులను మేల్కొల్పుతుంది. మామూలుగా ఈ చురుకైన రూపం తయారయ్యేది మూత్రపిండాల్లో. కానీ మజ్జ మూలకణాల్లోనూ ఆ ఎంజైము ఉంది. రక్తపరీక్షలో మనం కొలిచే రూపాన్నే అవి తీసుకుని, తమకు కావాల్సింది తామే చేసుకోగలవు. ల్యాబ్‌లో ఈ కణాలు ఖనిజం పేర్చే దశకు రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే ఒక్కరోజు వరదలా వచ్చి పడే డి కన్నా, వారాల తరబడి నిలకడగా రక్తంలో ఉండే డి మేలని నా అభిప్రాయం.

ఇంజెక్షన్ దగ్గర నేను వెనక్కి తగ్గింది ఇందుకే. ఇంజెక్షన్‌లో లాగా ఒక్కసారే భారీగా ఇస్తే, డిని విరగ్గొట్టే ఎంజైమును శరీరమే పెంచుకుంటుంది. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటిద్వారా ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ పెరిగాయని 2010లో తేలింది. మందు ఒంటికి పట్టని జబ్బులున్నవాళ్లకు డాక్టర్ రాస్తే అది వేరే సంగతి.

సాచెట్ అంటే 60,000 యూనిట్లు. అమ్మకు వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాశారు, తర్వాత రోజూ చిన్న మాత్ర. రక్తంలో డి సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి వారానికి ఒకటి సరిపోతుంది. వారానికి ఒకటి రాస్తే రోజుకొకటి తాగేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పాలల్లో కలిపి ఇస్తున్నాను, కొవ్వుతో కలిస్తే బాగా పడుతుంది. గుడ్లు, పుట్టగొడుగులు తినండి గానీ లోపం తీర్చడానికి అవి చాలవు.

మూలకణాల మాట విని మురిసిపోయి కాల్షియం మరిచిపోతే లాభం లేదు. డి గ్రాహకం లేకుండా పుట్టిన ఎలుకలకు కాల్షియం, ఫాస్ఫరస్, లాక్టోజ్ దండిగా పెడితే ఎముకలు దాదాపు మామూలుగానే పెరిగాయి. అంటే డి చేసే అతి పెద్ద పని పేగుల నుంచి కాల్షియాన్ని లోపలికి లాగడమే. మేస్త్రీలు వచ్చి కూర్చున్నా ఇటుకల లారీ రాకపోతే గోడ లేవదు కదా. అందుకే అమ్మ కంచంలోకి రాగి సంగటి మళ్లీ వచ్చింది, ముల్లుతో సహా నమిలే నెత్తళ్ల పులుసూ వచ్చింది. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే కనిగిరి వైపు నుంచి అడిగేవాళ్లు మాత్రం కాళ్ల నొప్పులన్నీ డి లోపమే అనుకోకండి, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పరీక్ష చేయించండి. డి, కాల్షియం తక్కువున్న ఒంట్లో ఫ్లోరైడ్ ఎముకకు మరింత చేటు చేస్తుంది. నీళ్లు మార్చకుండా సాచెట్లు ఎన్ని తాగినా ఆ నొప్పి తగ్గదు.