వన్స్ మోర్ అనని హాలు

బోస్టన్‌కు పడమటి వైపు మేముండే ఊళ్ళో ఒక చర్చి ఉంది. దాని పక్క హాల్లో సెప్టెంబరు నుంచి మే దాకా నెలకు రెండు శనివారాలు జానపద సంగీతం పెడతారు. టికెట్లు చింపేవాళ్ళు, కుర్చీలు వేసేవాళ్ళు, విరామంలో టీ పోసేవాళ్ళు, అందరూ ఊరి జనమే. ఎవరికీ జీతం లేదు. 2015 అక్టోబరులో మొదటిసారి వెళ్ళాను. కోవిడ్‌లో మూతపడ్డ రోజులు తీసేస్తే, కుదిరిన ప్రతి శనివారం వెళ్తూనే ఉన్నాను.

ఈ హాలంటే నాకున్న ప్రేమకి కారణం ఒక్కటే. అక్కడ జనం వింటారు.

ఎంతగా అంటే, ఫిడేలు తీగ మీద కమాను ఆనుతున్న చప్పుడు పాట మొదలవక ముందే వినబడుతుంది. బాంజో వాయించే మనిషి కాలితో తాళం వేస్తుంటే చెక్క వేదిక కిర్రుమనడం తెలుస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని తలుపు దగ్గరుండే పెద్దావిడ బయటే నిలబెడుతుంది. చప్పట్లు మొదలయ్యాకే లోపలికి వదులుతుంది. అది ఎవరికైనా వర్తిస్తుంది, నాకూ రెండుసార్లు జరిగింది. ఫిడేలు, బాంజో, గిటారు కలిపి వాయించే బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద శైలి బృందాలు వచ్చినప్పుడు వేదిక మధ్యలో ఒకే ఒక్క మైకు పెడతారు. పాడేవాళ్ళు దాని చుట్టూ తిరుగుతూ, తమ వంతు వచ్చినప్పుడు ముందుకొచ్చి, అయిపోగానే వెనక్కి తగ్గుతారు. హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటేనే అది కుదురుతుంది.

ఇది నన్ను ఎందుకంతగా పట్టేసిందో చెప్పాలి. నేను అమెరికా వచ్చిన కొత్తలో మన ఉగాది వేడుకలకి తప్పకుండా వెళ్ళేవాణ్ణి. ఒక ఏడు హైదరాబాద్ నుంచి మంచి గాయనిని పిలిపించారు. ఆవిడ పాడుతున్నంతసేపూ వెనక భోజనాల క్యూ నడుస్తూనే ఉంది. పిల్లలు వేదిక ముందు పరుగులు. రెండో పాట మధ్యలో ఒకాయన మైకు తీసుకుని ఫలానా నంబరు కారు పక్కకు తీయమని ప్రకటించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. ముందు వరుసలో కూర్చున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే ఈ చర్చి హాలు దొరికింది. మొదటి రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడతో, "సంగీతానికి మర్యాద ఇచ్చే చోటు ఒకటి దొరికింది" అన్నాను. ఆ తర్వాత కనబడ్డ తెలుగువాళ్ళందరికీ అదే మాట చెప్పాను.

ఈ వినే అలవాటు ఇక్కడ నిన్నా మొన్నా పుట్టింది కాదు. కేంబ్రిడ్జ్‌లో 1958లో క్లబ్ 47 అనే కాఫీహౌస్ తెరిచారు. తర్వాత పేరుమోసిన జానపద గాయని జోన్ బయాజ్ టీనేజ్‌లో ఉండగా పాడిన చోటు అదే. ఇప్పుడది పామర్ వీధిలో క్లబ్ పాసిమ్ పేరుతో నడుస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలో సారటోగా స్ప్రింగ్స్ ఊళ్ళో 1960లో లీనా స్పెన్సర్, ఆవిడ భర్త తెరిచిన కఫే లీనా కూడా ఇంకా నడుస్తోంది. రెండింటికీ వెళ్ళాను. రెండూ చిన్న గదులే. గాయకుడి మెడ మీద నరం ఉబ్బడం కూడా కనబడేంత దగ్గరగా కూర్చోబెడతారు. మా ఊరి హాలు వాటికి చుట్టం లాంటిది.

అయితే పదేళ్ళ కిందట చెప్పినంత ధీమాగా ఇవాళ చెప్పలేను.

ఒకటి, కార్యక్రమాలు. బయట బోర్డు మీద ఫోక్, అమెరికానా అని రాస్తారు. అమెరికానా అనే మాటలో కంట్రీ, బ్లూస్, బ్లూగ్రాస్ అన్నీ కలిసిపోయాయి. 2010 నుంచి గ్రామీ సంగీత పురస్కారాల్లో దానికి వేరే అవార్డు కూడా ఇస్తున్నారు. కానీ మా హాల్లో చాలా రాత్రులు గిటారు పట్టుకుని సొంత పాటలు పాడే ఒక్క మనిషే ఉంటారు. అందులో గొప్పవాళ్ళున్నారు. అయినా వాళ్ళ పాటకి ప్రాణం మాటలో ఉంటుంది. మొదటి రెండేళ్ళూ సగం మాటలు నాకు అందలేదు. నేను కోరుకునే ఫిడేలు, బాంజో రాత్రులు సీజనుకు నాలుగో ఐదో దొరుకుతాయి.

రెండోది మా నాన్న వచ్చినప్పుడు జరిగింది.

మా నాన్నది రేపల్లె దగ్గర పల్లె. వ్యవసాయం చేస్తూనే ముప్పై ఏళ్ళు పద్య నాటకాలకి హార్మోనియం వాయించాడు. శివరాత్రి తిరునాళ్ళకి, శ్రీరామనవమి పందిళ్ళకి, ఎక్కడ రాయబారం సీను పెట్టినా ఆయన ఉండేవాడు. 2023 సెప్టెంబరులో మా దగ్గరికి వచ్చాడు. అమ్మ పోయాక అదే మొదటిసారి. నవంబరులో ఒక శనివారం హాలుకి తీసుకెళ్ళాను. ఆ రాత్రి అమెరికా తూర్పు వైపున్న అప్పలాచియన్ కొండల పాటలు పాడే జంట వచ్చింది. అమ్మాయి ఫిడేలు వాయిస్తూ పాడుతుంది, అబ్బాయి బాంజో. రెండో వరుసలో కూర్చున్నాం.

నాలుగు పాటలయ్యాయి. నాన్న నా చెవి దగ్గరకు వంగి, "ఏందిరా, ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా? ఇట్టా కూర్చున్నారు?" అన్నాడు. ఇక్కడ ఇలాగే వింటారని చెప్పాను. తల ఊపాడు.

అప్పుడా అమ్మాయి ఫిడేలు కింద పెట్టి, వాయిద్యం ఏదీ లేకుండా ఒక పాత కథాగేయం ఎత్తుకుంది. ముందుగా నాలుగు మాటలు చెప్పింది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే ప్రొఫెసరు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇలాంటి పాత గేయాలు 305 సేకరించి అచ్చు వేయించారని, వాటిలో ఒకదాన్ని కొండల్లో ముసలమ్మలు పాడుకున్న వరస ఇదని. నాన్నకి మెల్లగా తెలుగులో చెప్పాను. "కాటమరాజు కథలాగా అన్నమాట" అన్నాడు.

పాట సగానికి వచ్చింది. ఓడ మునిగే చోట ఒక చరణం చివర ఆ అమ్మాయి గొంతు పైకి తీసుకెళ్ళి, అక్కడ నిలిపి, వణుకు లేకుండా కిందికి జార్చింది. నా ఒళ్ళు జలదరించింది. ఆ క్షణంలోనే నా పక్క నుంచి గట్టిగా వినబడింది.

"వన్స్ మోర్!"

పద్య నాటకాలు చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. పీసపాటి వారి కృష్ణుడికి, షణ్ముఖి వారి పద్యానికి జనం నాటకాన్ని ఆపేసి మరీ రెండోసారి పాడించుకున్న కాలం నుంచి వచ్చినవాడు మా నాన్న. ఆయన నోట అది ఆగే మాట కాదు. పైగా ఇంగ్లీషు మాటే కాబట్టి హాల్లో అందరికీ అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే, పాట మధ్యలో ఎందుకన్నాడని. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. తలుపు దగ్గర పెద్దావిడ లేచి నిలబడింది. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. ఎనిమిదేళ్ళుగా ఆ హాల్లో నేను తుమ్ము వస్తే కూడా ఆపుకున్నాను. ఆ టెన్షన్‌లో నాకు ముఖమంతా వేడెక్కిపోయింది.

అమ్మాయి ఆగిపోయింది. నాన్న వైపు చూసి అడిగింది, "ఇప్పుడేనా? ఆ చరణమేనా?"

నాన్నకి ఇంగ్లీషు పెద్దగా రాదు. "యెస్ అమ్మా. సేమ్" అన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించింది. కళ్ళు మూసుకుని ఆ చరణం మళ్ళీ పాడింది. మొదటిసారి పాడినట్టు పాడలేదు. ఈసారి పై స్వరం దగ్గర ఇంకాస్త నిలబడింది, దిగేటప్పుడు మధ్యలో ఒక చోట ఆగి, అక్కణ్ణించి వేరే దారిలో కిందికి వచ్చింది. నాన్న చెయ్యి నా చేతిలోంచి తీసుకుని తొడ మీద తాళం కొడుతున్నాడు. "అదీ" అన్నాడు, ఈసారి మెల్లగా. ఆమె కథలోకి వెళ్ళిపోయి పాట ముగించింది. ఆ రోజు పడ్డ చప్పట్లలో పెద్దవి ఆ పాటకే.

విరామంలో ఆ అమ్మాయే మా దగ్గరికి వచ్చింది. కచేరీ చివర ఇంకొక్కటి పాడమని అడగడం తెలుసుగానీ, పాట మధ్యలో ఒక్క చరణాన్ని మళ్ళీ అడిగినవాళ్ళు తనకి ఇంతవరకూ తగల్లేదంది. ఎందుకడిగారో చెప్పమంది. నాన్న చెప్పింది నేను ఇంగ్లీషులోకి మార్చాను. "మొదటిసారి కథ కోసం పాడతారమ్మా. రెండోసారి అడిగితే రాగం కోసం పాడతారు. నీ గొంతులో ఉన్నది అప్పుడు బయటికొస్తుంది. మా దగ్గర నటుడు పద్యం ఎత్తుకునేది రెండోసారి అడుగుతారనే."

టీ టేబులు వెనక గోడ వారగా ఒక పాత కాళ్ళ హార్మోనియం ఉంది. వెర్మాంట్‌లోని బ్రాటిల్‌బొరోలో తయారైనదని దాని మీద రాసి ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా దాని మీద కప్పులు పెట్టడమే చూశాను. నాన్న దాని దగ్గరికి వెళ్ళి కప్పులు పక్కకు జరిపి, మూత ఎత్తి, కాళ్ళతో తొక్కి చూశాడు. తిత్తులు రొప్పుతున్నా గాలి అందుతోంది. కుడి చేత్తో ఆ అమ్మాయి పాడిన వరస వెతికి పట్టుకున్నాడు. "ఐదు స్వరాలేరా. మోహన రాగంలోనే తిరుగుతోంది" అన్నాడు. ఆమె పక్కన నిలబడి గొంతు కలిపింది. తర్వాత ఆయన మోహనలో పద్యం ఎత్తుకునే ముందు వాయించే ఆలాపన వాయించాడు. రెండు నిమిషాలు ఉంటుందేమో. టీ కోసం నిలబడ్డవాళ్ళు కప్పులు పట్టుకుని అక్కడే ఉండిపోయారు. ఇంతకుముందు వెనక్కి తిరిగి చూసిన ఇద్దరిలో ఒకాయన నాన్నకి కుర్చీ సరిచేసి ఇచ్చాడు. రెండో ఆయన రాలేదు. ఆయన సంగీతాన్ని చెడగొట్టారనే అనుకుని ఉంటాడు, అలా అనుకునే హక్కు ఆయనకుంది.

ఆ రాత్రి తర్వాత నేను అదే నిశ్శబ్దాన్ని ఇంకో రకంగా వింటున్నాను. దాన్ని ఇంకా ప్రేమిస్తున్నాను. అది లేకపోతే ఆ అమ్మాయి గొంతు అంత పైకి వెళ్ళినట్టు మా నాన్నకి వినబడేదే కాదు. కానీ ఒక మంచి స్వరం పడ్డాక హాలంతా కదలకుండా ఉంటే, పాడే మనిషికి అది చేరిందని ఎలా తెలుస్తుంది? చివర్లో లేచి నిలబడి కొట్టే చప్పట్లు కచేరీ మొత్తానికి. ఆ ఒక్క స్వరానికి ఏమీ అందలేదు. ఇంతకాలం నేను మర్యాద అనుకున్నదాంట్లో కొంత బిడియం కూడా ఉందేమో అనిపిస్తోంది. కుర్చీల మీద పెట్టే అభిప్రాయాల కాగితం మీద ఇదే రాసిచ్చాను. నిర్వాహకులు ఎంతో ఆదరంగా జవాబు రాశారు. కొంతమంది గాయకులకి మధ్యలో కదిలిస్తే పాట తెగిపోతుందని, అందుకే ఈ పద్ధతి పెట్టుకున్నామని. అదీ నిజమే. సొంత బాధని పాటగా పాడుకునే మనిషి మధ్యలో ఎవరైనా అరిస్తే నేనూ ఓర్చుకోలేను.

నాన్న ఫిబ్రవరిలో ఇండియా తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను హాల్లో ఎన్నోసార్లు ఆ మాట పెదాల దాకా తెచ్చుకున్నాను. ఒక్కసారీ అనలేదు.

వెళ్ళమని చెప్తానా? నా సంగతి వేరు. ఇంటి నుంచి హాలుకి కారులో పన్నెండు నిమిషాలు. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయారు, శనివారం సాయంత్రాలు ఖాళీ. ఇరవై ఐదు డాలర్ల టికెట్ నాకు బరువు కాదు. చిన్నపిల్లలున్నవాళ్ళు వెళ్తే రెండు గంటలు వాళ్ళని కదలకుండా కూర్చోబెట్టడంతోనే సరిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలనుకుంటే ముందు కార్యక్రమం చూసుకోండి. గిటారుతో ఒక్కరే పాడే రాత్రి వద్దు, మాట అందకపోతే పెద్దవాళ్ళకి విసుగు. ఫిడేలు, బాంజో ఉన్న రాత్రి, లేదా ఇనప కడ్డీ జార్చి వాయించే గిటారు ఉన్న రాత్రి తీసుకెళ్ళండి. గోటువాద్యం విన్న చెవులకి అది వెంటనే పట్టుబడుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో మంచు పడితే గంట ప్రయాణం చేసి రమ్మని మాత్రం ఎవరికీ చెప్పను.

ఆ జంట ఈ ఏప్రిల్లో మళ్ళీ వస్తోంది. టికెట్లు తీసుకున్నాను. హాలు ఎడమ వైపు హీటరు రొద ఉంటుంది, కుడి వైపు రెండో వరుస మంచిది. విరామంలో ఆ కాళ్ళ హార్మోనియం కూడా చూడండి. ఈమధ్య దాని మీద కప్పులు పెట్టడం మానేశారు.