చలికాలపు కోళ్లగూటికి ఏది మేలు: బల్బా, కుంపటా, ఊక పరుపా?

ఒడిశాలోని కోరాపుట్ పీఠభూమి మీద కాపురముండే తెలుగువాళ్లకు చలి గురించి వేరే చెప్పనక్కర్లేదు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా సిమిలిగుడలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో పాదరసం 10 డిగ్రీల కిందికి దిగడం వింత కాదు. విజయనగరంలోని మా బంధువులు పల్చటి దుప్పటితో సరిపెట్టుకునే రాత్రి మేము రెండు రగ్గులు కప్పుకుంటాం. అప్పుడు పెరట్లో కోళ్లు గుర్తొస్తాయి. పాపం అనిపిస్తుంది. ఆ జాలితోనే నేను మొదటి ఏడాది గూటిని నలువైపులా టార్పాలిన్‌తో బిగించి కట్టేశాను.

వారం తిరగకుండానే తెల్లవారుజామున తలుపు తీస్తే రెట్ట ఘాటు ముక్కు బద్దలు కొట్టింది. పైరేకు నుంచి నీటి బొట్లు కారుతున్నాయి, రెండు పెట్టల కళ్లు వాచి ఉన్నాయి. పక్కింటి పిన్ని చూసి, "చలికి కాదమ్మా, ఊపిరాడక. పైన జానెడు సందు వదులు" అంది. అక్కడే నాకు తెలివి వచ్చింది. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించుకుని వాటి మధ్య గాలిని పట్టి ఉంచుకుంటే పెద్ద కోడికి మన చలి లెక్కలోకి రాదు. దాన్ని పడగొట్టేవి తడి, ఒంటికి నేరుగా తగిలే ఈదురుగాలి, రెట్ట నుంచి పుట్టే అమ్మోనియా.

కుంపటి సంగతి ముందుగా తేల్చేస్తాను, ఎందుకంటే దాన్ని వద్దనడానికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. మూసిన గూట్లో తెల్లారేసరికి కోళ్లు చచ్చి పడి ఉంటాయి. నిప్పురవ్వ ఎగిరి ఎండు ఊకలో పడిందంటే గూడే ఉండదు. కుంపటి మనుషులు వసారాలో చుట్టూ కూర్చోవడానికే బాగుంటుంది.

బల్బు అలా కాదు, దానికి చోటుంది. తల్లి లేని కోడిపిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలి, అంచులకు పోయి నోరు తెరుస్తుంటే వేడి, చెదిరి పడుకుంటే సరిపోయినట్లు. ఎల్ఈడీ బల్బు పెట్టి వేడి చాలడం లేదని వాపోయినవాళ్లను చూశాను. అది వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు, పాత ఫిలమెంటు బల్బే కావాలి. వంద వాట్లది పది గంటలు వెలిగితే ఒక యూనిట్. అసలు భయం కరెంటు పోవడం. వేడికి అలవాటుపడిన పిల్లలు చీకట్లో గుట్టగా పడి ఊపిరాడక చస్తాయి. బల్బును గొలుసుతో వేలాడదీసి, చుట్టూ ఇనుప జాలీ పెట్టాలి. ఊకకు తగలకూడదు.

పెద్ద కోళ్లకు బల్బు అనవసరమనే నా అభిప్రాయం. గుడ్ల కోసం వెలుగు కావాలంటే అది వేరే సంగతి. చలికాలంలో పగలు తగ్గి గుడ్లూ తగ్గుతాయి. గుడ్లు తగ్గడానికి చలి ఒక్కటే కారణం కాదు.

ఇక ఊక పరుపు. నేల మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన వరి ఊక పరిచి, రెండు మూడు రోజులకోసారి కలియబెట్టి, పైన కొత్త ఊక చల్లుతూ పోతే కింద రెట్ట నెమ్మదిగా కుళ్లి కాస్త వేడి పుడుతుంది. ఆ వేడి గొప్పదేమీ కాదు. నేల చలి పైకి రాకుండా ఆపడం, తడి పీల్చుకోవడం దాని అసలు పని. గుప్పెడు తీసి పిసికి చూడండి: ఉండ కట్టితే తడి ఎక్కువైంది, పొడిగా రాలిపోతే బాగుంది. తడి అయితే ఆ చోటి ఊక తీసి మార్చండి. మా జిల్లాలోని జయపురం వైపు వరి పండే ప్రాంతం కాబట్టి మిల్లుల దగ్గర ఊకకు కరువు లేదు. వేసవికి అది బెండ, వంగ మొక్కలకు ఎరువవుతుంది.

గూట్లో కోళ్లు వాలే కర్ర రెండు మూడు అంగుళాల వెడల్పు, చదునుగా ఉంటే అవి కూర్చున్నప్పుడు కాళ్లు ఛాతీ ఈకల కింద దాగుతాయి. సన్నని వెదురు గడ వాటికి చలి శిక్ష. సాయంత్రం చోళ్లు (రాగులు), మొక్కజొన్న గింజలు వేస్తే రాత్రంతా కడుపులో అరుగుతూ ఒంటికి వేడి ఇస్తాయి. గోనె పట్టాను గాలి వచ్చే వైపు మాత్రం, కోడి కూర్చునే ఎత్తు వరకు కట్టి, పైన సందు వదిలితే చాలు. ముంగిస దూరకుండా ఆ సందుకు జాలీ వేయాలి. కొక్కెర రోగానికి (రాణిఖేత్) టీకా మాత్రం చలికాలానికి ముందే వేయించాలి, ఊకతో ఆ పని కాదు.

పిల్లల విషయంలో ఇంకో దారి ఉంది. హైదరాబాద్‌లో తయారైన వనరాజ జాతి కోళ్లు పొదగడానికి సరిగా కూర్చోవు, వాటి పిల్లలకు బల్బు తప్పదు. దేశవాళీ పెట్ట ఒకటి ఇంట్లో ఉంటే వనరాజ గుడ్లు దాని కిందే పెట్టండి. కరెంటు పోయినా దాని రెక్కల కింద వేడి పోదు. మా పెట్ట ఈ జనవరిలో పదకొండు పిల్లలను ఊక పరుపు మీదే పెంచింది. గంప కింద ఒక మూలన, గోడ వైపు తిరిగి.