పిక్ సెట్టు, బుల్లి చాకు: నాలుగేళ్ల వాడకం తర్వాత

చెవి లేకుండా సన్నటి పుల్లలతో తాళాలు తీసే పిక్ సెట్టు కొని నాలుగేళ్లయింది. పర్సంత తోలు సంచీలో ఏడు పిక్‌లు, తాళాన్ని కాస్త తిప్పి పట్టుకునే రెండు టెన్షన్ రెంచీలు. దానికి తోడు కీచైన్‌కి చిన్న చిన్న పనిముట్లున్న 58 మిల్లీమీటర్ల మడత చాకు. పోయినేడు దాకా ఈ రెండూ లేకుండా గడప దాటలేదు.

పిక్‌లు నేర్చుకోవడం సరదాగానే ఉంది. లోపలంతా కనపడే ప్రాక్టీసు తాళం పట్టుకుని రాత్రిళ్లు టీవీ ముందు కూర్చునేవాణ్ణి. తాళం లోపలి పిన్ను కుదురుకున్నప్పుడు వేలి కొసకి చిన్న ‘టిక్’ తగులుతుంది. ఆ రుచి మరిగితే చెయ్యి ఊరుకోదు. మూడు వారాలకి అత్తగారి సూట్‌కేస్ తాళం నిమిషంలో తీశాను. మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం నుంచి బీరువా తాళంచెవి ఆవిడ కొంగునే ఉంటోంది.

అసలు పరీక్ష మా ఫ్లాటు దగ్గర వచ్చింది. చెవి ఊళ్లో మర్చిపోయి రాత్రి తొమ్మిదింటికి దిగాం. పిల్లలు మెట్ల మీద, నేను తలుపు ముందు మోకాళ్ల మీద. నలభై నిమిషాలు తంటాలు పడ్డా కప్ప కదల్లేదు. అది ఏడు లీవర్ల గోద్రెజ్ నవతాళ్, అంటే లోపల చెవి పైకి లేపే ఏడు రేకులు. నా పిక్‌లేమో 1861లో లైనస్ యేల్ పేటెంటు తీసుకున్న పిన్ టంబ్లర్ రకం తాళాలకి, అంటే చెవితో తిరిగే సిలిండరుని చిన్న పిన్నులు పట్టి ఉంచేవాటికి. లీవరు తాళం అంతకంటే పాతది, ఇంగ్లండులో బ్యారన్ 1778లోనే పేటెంటు తీసుకున్నాడు. అందులో తిప్పడానికి సిలిండరే ఉండదు. చెవి కొసనున్న పళ్లు ఒక్కో లీవరునీ సరిగ్గా దాని ఎత్తుకే లేపాలి. మన గడియలకి వేలాడే కప్పల్లో ఈ జాతివి బోలెడు. కొనేముందు ఈ ముక్క తెలుసుకోకపోవడం నా బుద్ధితక్కువ.

చివరికి సెంటర్లో గొడుగు కింద కూర్చునే తాళాల తాతని పిలిపించాం. పళ్లు కొయ్యని చెవొకటి దూర్చి, అటూ ఇటూ ఆడించి, బయటికి తీసి నా ఫోను వెలుగులో దానిమీద లీవర్లు గీసిన గీతలు చూసుకుని, ఆకురాయితో రెండు రుద్దులు. మళ్లీ దూర్చడం, మళ్లీ రుద్దడం. అరగంటకి తలుపు తెరుచుకుంది, కొత్త చెవీ చేతికొచ్చింది. నా సెట్టు చూసి “ఇవెందుకు బాబూ?” అన్నాడు, అంతే.

చాకు మాత్రం రోజూ పనికొస్తోంది. పార్శిల్ టేపు, పాల ప్యాకెట్టు, ప్లగ్గులో వదులైన స్క్రూ. పిల్లాడి మడమలో తుమ్మముల్లు దిగితే అందులోని శ్రావణంతోనే లాగాను. పళ్లపుల్ల ఎక్కడో జారిపోయింది. నిజానికి ఇది రెండో చాకు. మొదటిది విమానాశ్రయం తనిఖీలో డబ్బాలో పడేయాల్సి వచ్చింది, మర్చిపోయి జేబులో ఉంచుకున్నందుకు.

అర్ధరాత్రి బండి ఆపి ఆ తోలు సంచీ ఏమిటని పోలీసులు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అందుకే పిక్‌లు ఇప్పుడు సొరుగులో ఉన్నాయి, ఆదివారాలకి. పర్సులో ఆ చోట తాత చేసిన చెవి పెట్టుకున్నాను.