చీటీ చదివి మందిచ్చే దుకాణం: పర్లాకిమిడి అనుభవం

మా నాన్నగారికి పార్కిన్సన్ వ్యాధి అని బరంపురంలో తేలినప్పటి నుంచి, అంటే నాలుగేళ్లుగా, లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలను పర్లాకిమిడి బజారులోని ఒకే దుకాణంలో కొంటున్నాము. అయితే ఆ దుకాణం మీద నాకు గురి కుదిరింది నిరుడు వానకాలంలోనే.

అప్పుడు నాన్నగారికి వాంతులవుతుంటే, దగ్గరలోని ఒక క్లినిక్‌లో పాత చీటీ అడగకుండానే మెటోక్లోప్రమైడ్ రాశారు. మూడు వారాలు తిరిగేసరికి ఆయన పాదాలు నేలకు అతుక్కుపోయినట్లయ్యాయి. టీ గ్లాసు నోటిదాకా వెళ్లేలోగా సగం చొక్కా మీదే ఒలికేది. జబ్బు ముదిరిందనుకున్నాము. మాత్రల కోసం వెళ్లిన రోజున, కౌంటరు మీద పరిచిన రెండు చీటీలనూ చూసిన ఫార్మసిస్టు గారు స్ట్రిప్‌ను చేతిలోనే ఉంచుకొని, "ఇది మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని పెంచడానికి, అదేమో డోపమైన్‌ను అడ్డుకుంటుంది. రెండూ కలిపి వేస్తున్నారా బాబూ?" అని అడిగారు. తనంతట తాను దేనినీ మార్చకుండా, బరంపురం డాక్టరు గారికి అక్కడి నుంచే నా చేత ఫోను చేయించారు. డాక్టరు గారు మెటోక్లోప్రమైడ్ మాన్పించి, మెదడులోకి అంతగా చేరని డోంపెరిడోన్‌ను కొద్ది రోజులకు రాశారు. నడక మునుపటిలా కావడానికి నెలన్నర పట్టింది.

ఒడియా, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోలేని మా అమ్మ కోసం ఆయన కాగితపు కవరు మీద తెలుగులో "టిఫినుకు అరగంట ముందు" అని రాసిస్తారు. పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తుల ఆహారంతో పాటు వేస్తే లెవోడోపా సరిగా ఒంటపట్టదట. ఎవరో చెప్పిన దూలగొండి చూర్ణం అడిగితే, అందులోనూ లెవోడోపాయే ఉంటుందని, డాక్టరుతో చెప్పకుండా వేయవద్దని వారించారు.

లోటు లేకపోలేదు. రెండు మందులూ కలిపి 125 మిల్లీగ్రాములుండే మా మాత్రలు దుకాణంలో నిండుకున్నప్పుడు ఒకసారి కుర్ర సహాయకుడు 110 మిల్లీగ్రాముల రకం ఇచ్చి పంపాడు. రెండింటిలోనూ లెవోడోపా 100 మిల్లీగ్రాములే గాని, కార్బిడోపా 25కు బదులు 10 మాత్రమే ఉంటుంది. అది చాలకపోతే లెవోడోపా మెదడుకు చేరకముందే ఖర్చయి, వాంతులు మళ్లీ మొదలవుతాయి. నేను ఇంటికి వచ్చాక చూసుకొని తిరిగి ఇస్తే, మారు మాట్లాడకుండా మార్చారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి దుకాణం మూసి ఉంటుంది కనుక, శనివారమే మాత్రలు లెక్కచూసుకొని వెళ్లండి.